కొండ ఊళ్లలో వాననీరు: ఒడిశాలోని రాయగడ స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారమండీ. మన రాయగడ, కొరాపుట్, జయపురం వైపు అరగంట గట్టిగా వానొస్తే చాలు రోడ్డే గెడ్డయిపోతంది. ఇంజినీర్ గారూ, ఎందుకండీ ఇంత తొందరగా?

ఇంజినీర్: కొండ మీద పడ్డ నీరు నిమిషాల్లో కిందకి దూకేస్తాదండి, ఒట్టి నీరు కాదు, మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ అన్నీ మోసుకొస్తాది, కింద వాలు తగ్గే చోట జోరు తగ్గిపోయి ఆ మట్టంతా డ్రైన్లోనే దిగిపోద్ది. అందుకే కింద డ్రైన్ వెడల్పు చేసేస్తే సరిపోద్దంటే నేనొప్పుకోను.

టీచరమ్మ: మాది కొండ మొదట్లోనే ఇల్లండి. మొన్న రాత్రి రెండింటికి లేచి చూస్తే స్టవ్ గట్టు కింద జానెడు ఎర్రమట్టి, బియ్యం డబ్బా తేలతంది. తెల్లారి వెళ్లి చూస్తే కల్వర్టు మూతికి పాత పరుపొకటి అడ్డం పడుంది, దాని వెనక అన్నీ సీసాలే. ఫిర్యాదిస్తే వచ్చి పరుపు తీసేసి వెళ్లిపోయారు. నా చిన్నప్పుడు మా వీధి వెనక గెడ్డుండేది, ఇప్పుడు దాని మీద షాపులున్నాయి. నీరు పల్లమెరుగు అంటారు కదా, అది ఇంకెటు పోద్ది చెప్పండి?

యాంకర్: 2017 జులైలో మన జిల్లాలో రైల్వే వంతెనే కొట్టుకుపోయింది కదండీ.

ఇంజినీర్: అది ఏటి వరద, ఊళ్లో నీరు లెక్క వేరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9,300 లీటర్ల దాకా వస్తాది, అలాంటి స్లాబులు కొండ మీద ఎన్నున్నాయో చూసుకోండి. దాన్ని పైనే ఆపాల. కాలవకి మెట్లు కడితే జోరు విరుగుతాది, మధ్యమధ్యలో ఇసుక దిగే తొట్టెలుండాల, వాటిని వానలకి ముందే తోడాల.

యాంకర్: ఇంకుడు గుంతలు?

ఇంజినీర్: జాగ్రత్తమ్మా! చైనా 2015లో స్పాంజ్ సిటీలకని, అంటే వాననీటిని స్పాంజిలా పీల్చుకునే ఊళ్లు చేద్దామని, 16 ఊళ్లు ఎంచితే అందులో కొండల మీదుండే చోంగ్‌చింగ్ కూడా ఉంది, కాబట్టి కొండ ఊళ్లో పనికిరాదని కాదు. కానీ నిటారు వాలు మీద ఎక్కడ పడితే అక్కడ గుంత తవ్వితే లోపల మట్టి నాని కొండే జారిపోద్ది, కింద ఇళ్లుంటాయి. అలాంటి చోట స్లాబ్ నీళ్లు ట్యాంకులో పట్టుకుని వాడుకోడం మేలు.

యాంకర్: టీచరమ్మగారూ, ముందు ఏం చెయ్యమంటారు?

టీచరమ్మ: పాత గెడ్డలు ఎటెటు పారేవో పెద్దోళ్లని అడిగి మ్యాప్ మీద గీయించమనండి. మా వీధిలో ఇద్దరున్నారు, నేనే తీసుకొస్తాను.