ప్రొఫెసర్ జయంతి శివస్వామి పేపర్లు: మన ప్రాజెక్టులకు ఎంతవరకు పనికొస్తాయి?

నమస్తే అందరికీ. నల్గొండ, పాలమూరు వైపు నుంచి బీటెక్, ఎంటెక్ పిల్లలు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మెడికల్ ఇమేజెస్ మీద ప్రాజెక్ట్ చేయాలి, ఎవరి పేపర్లు చదవాలి?" అని. ఈ వీడియోలో ఒక్కరి పనే తీసుకుంటున్నా. ఐఐఐటీ హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఈ రంగంలో పనిచేసిన ప్రొఫెసర్ జయంతి శివస్వామి గారిది. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు అన్నది గూగుల్ స్కాలర్‌లో మీరే చూసుకోవచ్చు. నేను చూసేది వేరు. ఈ పేపర్ చదివి మన దగ్గర ఒక పిల్లాడు పని మొదలుపెట్టగలడా?

మొదట 2011 పేపర్. ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ మెడికల్ ఇమేజింగ్‌లో వచ్చింది. మొదటి పేరు గోపాల్ దత్ జోషిది, రెండోది మేడమ్‌ది, మూడోది ఎస్.ఆర్. కృష్ణదాస్ గారిది. ఆయన మదురై అరవింద్ ఆసుపత్రి కంటి డాక్టర్. ఆ మూడో పేరు దగ్గర కాసేపు ఆగండి. ఎవరి పేపర్ల లిస్ట్ చూసినా నేను ముందు వెతికేది అదే, పక్కన డాక్టర్ ఉన్నారా లేదా అని.

విషయం గ్లకోమా, అంటే కంటి నరం దెబ్బతిని చూపు పోయే జబ్బు. కంటి వెనక నరం మొదలయ్యే చోట ఫొటోలో గుండ్రటి వెలుగు మచ్చ కనిపిస్తుంది, అది డిస్క్. దాని మధ్యలో పళ్లెంలో గిన్నె పెట్టినట్టు ఒక గుంట ఉంటుంది, అది కప్. నరం పోగులు చచ్చేకొద్దీ కప్ పెద్దదవుతుంది. పోయిన చూపు మళ్లీ రాదు, అందుకే ముందే పట్టుకోవాలి. చిక్కెక్కడంటే, మామూలు కలర్ ఫొటోలో లోతు తెలియదు. డిస్క్ అంచు దొరుకుతుంది కానీ కప్ అంచు అంత తేలిగ్గా దొరకదు. అనుభవమున్న డాక్టర్లు సన్నటి రక్తనాళాలు ఎక్కడ వంగి గుంటలోకి దిగుతున్నాయో చూస్తారు. ఈ పేపర్ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఆ వంపులు వెతికి, వాటి ఆధారంగా కప్ అంచు గీసింది. డీప్ లెర్నింగ్ ఇంకా ఇంత ఊపు మీద లేని రోజులవి. ఇప్పుడు చదివినా నాకు ఎంత ముచ్చటేస్తుందో చెప్పలేను.

తర్వాత 2014లో వచ్చిన దృష్టి-జీఎస్. ఇది పేపర్‌తో పాటు వచ్చిన డేటాసెట్, అంటే నిపుణులు గుర్తులు పెట్టిన ఫొటోల కట్ట. మన పిల్లలు ముందు డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది ఇదే. అరవింద్‌లో తీసిన 101 కంటి ఫొటోలు: 50 నేర్పించడానికి, 51 పరీక్షించడానికి. ఒక్కో ఫొటో మీద నలుగురు నిపుణులు విడివిడిగా గీతలు గీశారు. ఒకరికి 3 ఏళ్ల అనుభవం, ఒకరికి 20 ఏళ్లు. నలుగురి గీతలూ ఒక్కలా ఉండవు. ఆ తేడాను దాచకుండా డేటాలోనే పెట్టారు. డాక్టర్లే ఒప్పుకోని చోట మీ మోడల్ 99 శాతం కరెక్ట్ అంటే, ఎవరి గీతతో పోల్చి అంటున్నారు? మీ వైవాలో ఈ ప్రశ్న రావాలి.

లోటూ చెప్పాలి. 101 ఫొటోలంటే చాలా తక్కువ, అవీ ఒకే ఆసుపత్రివి. దాని మీద బాగా పనిచేసిన మోడల్, మన ఊరి కంటి క్యాంపులో వేరే కెమెరాతో తీసిన ఫొటో మీద తడబడొచ్చు. ఇంకో డేటాసెట్ మీద కూడా పరీక్షించకుండా రిజల్ట్స్ రాయకండి.

2019లో వచ్చిన ఇండియన్ బ్రెయిన్ అట్లాస్, అంటే మనవాళ్ల మెదడు సగటు నమూనా గురించి క్లుప్తంగా. వందమంది మనవాళ్ల ఎంఆర్ఐలతో, తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ డాక్టర్లతో కలిసి చేశారు. అప్పటిదాకా ఎక్కువమంది కెనడాలో తయారైన మాంట్రియల్ నమూనాతో పోల్చేవాళ్లు. మన మెదళ్ల సగటు సైజే దానికన్నా చిన్నదని ఇందులో తేలింది.

ఇదంతా చూశాక నాకు మన ఎముకలు గుర్తొస్తాయి. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరుంది. ఆ ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బే ఫ్లోరోసిస్. దాని ఎక్స్‌రేలో ఎముక చిక్కబడి కనిపిస్తుంది, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తుంది. అలాంటి ఎక్స్‌రేలతో, మన జిల్లా పేరుతో, దృష్టి లాంటి డేటాసెట్ ఒకటి రావాలని నా గట్టి కోరిక. రోగుల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, కనీసం ఇద్దరు రేడియాలజిస్టులతో విడివిడిగా గుర్తులు పెట్టించాలి. చేయాలనుకునేవాళ్లు కోడ్ తెరిచే ముందు ఒక రేడియాలజిస్ట్‌ను కలవండి. కలిసి ఏం మాట్లాడారో కింద రాయండి, అందరికీ నేనే జవాబిస్తా.