నిద్రమాత్ర, పెద్దవారి నిలకడ

పెద్దలందరికీ నమస్కారం. నిద్రమాత్ర వేసుకునే వృద్ధులకు పెద్ద ప్రమాదం అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు ఎదురవుతుంది. ఈరోజు ఆ సంగతే మాట్లాడదలిచాను.

మనిషి తూలకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ ఎప్పటికప్పుడు చేరవేసే సమాచారాన్ని మెదడు వెంటవెంటనే సరిచూసుకుంటూ ఉండాలి. శుక్లాలతో చూపు మసకబారినవారికి, షుగరు వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కినవారికి ఆ సమాచారమే సరిగా అందదు. ఆ పైన ఆల్‌ప్రజోలం, డయజిపాం, జోల్పిడెం వంటి మందులు మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, ఉన్న కాస్త సమాచారాన్నీ సరిచూసుకునే వేగాన్ని తగ్గిస్తాయి. చీకట్లో కాలు తడబడితే నిలదొక్కుకునే వ్యవధి ఉండదు. తుంటి ఎముక విరిగాక మళ్లీ మునుపటిలా నడవలేకపోయినవారు ఎందరో ఉన్నారు.

డయజిపాం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి పడుచువారిలో సుమారు ఒక రోజు పడితే, 80 ఏళ్లవారిలో మూడు రోజులకు పైగా పట్టవచ్చు కాబట్టి, రోజూ వేసుకునేవారిలో అది పేరుకుపోతుంది. పగటిపూట తూలుడును, మతిమరుపును ఇంట్లోవాళ్లు వయసు మీదికి నెట్టేస్తుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

జోపిక్లోన్ అనే మరో నిద్రమాత్ర వల్ల నోరు చేదెక్కి అన్నం సయించకపోవచ్చు. నిద్ర కోసం వాడే డైఫెన్‌హైడ్రమిన్ అనే ఎలర్జీ మందు చూపును మసకబరుస్తుంది, నోరు ఎండగొడుతుంది, తికమకను పెంచుతుంది.

అమెరికా వృద్ధవైద్యుల సంఘం ప్రకటించే బీర్స్ జాబితా, 65 దాటినవారికి ఈ మందులను వీలైనంతవరకు ఇవ్వవద్దంటోంది. మన దేశంలో 2014 నుంచి ఆల్‌ప్రజోలం, డయజిపాం, జోల్పిడెం హెచ్1 షెడ్యూలు అనే కట్టడి మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మిన వివరాలు రిజిస్టరులో రాయాలి. ఎప్పటిదో పాత చీటీతో తెప్పించుకోవడం మాత్రం దయచేసి మానండి.

కెనడాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఏళ్ల తరబడి ఇలాంటి మాత్రలు వాడుతున్న వృద్ధుల చేతికి వాటి హానిని, తగ్గించే పద్ధతిని వివరించే చిన్న పుస్తకం ఇస్తే, ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. ఇవ్వనివారిలో మానినవారు 5 శాతమే. అయితే ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా చెడిపోవచ్చు, చేతులు వణకవచ్చు, మూర్ఛ కూడా రావచ్చు. అందుకే వేసుకునే మాత్రలన్నీ డాక్టరు ముందుంచి, ఆయన చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.