మొత్తం కౌంటు నార్మల్... మరి ఆయాసం ఎందుకు?

యాంకర్: నమస్కారం. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో వేవ్‌లో, సీబీపీ అనే రక్తకణాల పరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో పెట్టి "తెల్లకణాలు నార్మలే కదండీ" అని అడగని ఇల్లు లేదు. మేడమ్, నార్మల్ అని ఉంటే ధైర్యంగా ఉండొచ్చా?

హెమటాలజిస్ట్: చాలామంది పప్పులో కాలేసింది అక్కడేనండీ. తెల్లకణాల మొత్తం కౌంటు మైక్రోలీటరు రక్తానికి 9,000 అనుకోండి. నార్మలే. కింది వరుసల్లో తెల్లకణాల రకాలు విడివిడిగా ఉంటాయి: న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్లు 7 శాతం. అంటే లింఫోసైట్లు 630 ఉన్నట్టు. పెద్దవాళ్లకి కనీసం వెయ్యి ఉండాలి. ఒకటి పెరిగి, ఇంకోటి పడిపోయేసరికి పైన అంకె కదల్లేదు. ఈ రెండింటి నిష్పత్తి, మేం ఎన్ఎల్ఆర్ అంటాం, 12 దాటింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది.

యాంకర్: మరి ఆ లింఫోసైట్లు ఏమైపోయినట్టు?

హెమటాలజిస్ట్: కొన్ని రక్తం వదిలి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, కొన్ని చచ్చిపోతాయి. అటు ఎముక మజ్జ కంగారుగా ఇంకా ముదరని న్యూట్రోఫిల్స్‌ని కూడా రక్తంలోకి తోసేస్తుంది. స్లైడు మీద చూస్తే తెలుస్తుంది, కేంద్రకం తమ్మెలుగా విడిపోకుండా వంగిన పట్టీలా ఉంటుంది. బ్యాండ్ ఫామ్స్ అంటాం. మెషీన్ ప్రింటుని నమ్ముకుంటే కుదరదు, కళ్లతో చూడాల్సిందే. మోనోసైట్లనే మరో రకం తెల్లకణాలదీ అదే కథ. వాటి పైన ఉండే హెచ్ఎల్ఏ-డీఆర్ అనే ప్రోటీన్ తగ్గిపోయి, వైరస్ ముక్కని లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలకి చూపించే పని సరిగ్గా చెయ్యవు.

పల్మనాలజిస్ట్: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నేనైతే ముందు అడిగేది, ఆ రక్తం స్టెరాయిడ్ ఇవ్వకముందు తీశారా, ఇచ్చాక తీశారా అని. డెక్సామెథసోన్ అనే ఆ స్టెరాయిడ్ పడితే జబ్బు ముదరకపోయినా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి.

హెమటాలజిస్ట్: నిజమే. ల్యాబ్‌కి పంపే చీటీ మీద ఆ సంగతి ఎవరూ రాయరు!

యాంకర్: అసలే లింఫోసైట్లు తక్కువగా ఉంటే ఇంకా తగ్గించే మందెందుకు సార్?

పల్మనాలజిస్ట్: ఆ దశలో ప్రాణం తీసేది వైరస్ కంటే ఒంట్లో రేగిన వాపే కాబట్టి. 2020లో బ్రిటన్‌లో కోవిడ్ మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభమేమీ కనిపించలేదు. మనవాళ్లు ఆ చివరి ముక్క వదిలేశారు. జ్వరం వచ్చిన రెండో రోజే షాపులో కొనుక్కుని మింగినవాళ్లున్నారు. షుగరున్న ఒంట్లో స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో బ్లాక్ ఫంగస్ రోజుల్లో చూశాం. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికోసమే నోడల్ కేంద్రం చేయాల్సి వచ్చింది.

యాంకర్: అయితే ఇంట్లో ఉండి తగ్గించుకునేవాళ్లు రోజూ సీబీపీ చేయించుకోవాలా?

పల్మనాలజిస్ట్: అక్కర్లేదండీ. ఆ డబ్బుతో ఆక్సిమీటర్ కొనుక్కోండి. అందులో ఆక్సిజన్ 94 శాతం కిందకి దిగిందా, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి బయల్దేరండి.