ఆకు పాలిపోతే వేరు ఏం చేస్తుంది? స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కబురు మోస్తుందని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. మొక్క వేళ్లలోనూ అదే వాయువు పనిచేస్తోంది. దీని గురించి మాట్లాడటానికి ఒక వృక్షశాస్త్రవేత్త, అనంతపురం జిల్లా వేరుశనగ రైతు వచ్చారు. ముందు మీరు చెప్పండి.

రైతు: మాది సున్నపు నేల సార్. వానపడి నాలుగు రోజులు నేల తడారకపోతే చాలు, లేతాకులు పసుపు తిరిగి తెల్లబడతాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. మట్టిలో ఇనుమే లేదేమో అనుకుంటా.

శాస్త్రవేత్త: ఉంటుందన్నా, కరగకుండా ఉంటుంది. వేరుశనగ వేరు ఆమ్లం వదిలి దాన్ని కరిగించుకోవాలి. సున్నం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఇనుము చాలనప్పుడు వేరు పైపొరలో నైట్రిక్ ఆక్సైడ్ పెరుగుతుంది. టమాటా వేళ్లలో దీన్ని చూశారు. ఆ వాయువును అడ్డుకుంటే ఇనుమును లోపలికి తెచ్చే జన్యువులు సరిగా మేల్కోలేదు.

వ్యాఖ్యాత: అంటే అదీ ఒక ఎరువేనా?

శాస్త్రవేత్త: కాదండీ, అది కబురు మాత్రమే. 2002లో అర్జెంటీనా పరిశోధకులు ఇనుము చాలని మొక్కజొన్నకు ఈ వాయువు అందించారు. పాలిపోవాల్సిన ఆకులు పచ్చగా నిలిచాయి. కొలిచి చూస్తే ఆకులో ఇనుము పెరగలేదు! ఉన్న ఇనుమే మొక్కకు అక్కరకొచ్చింది. ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

రైతు: ఆ మందు దొరుకుతుందా మేడం?

శాస్త్రవేత్త: ప్రయోగశాలలో ఈ వాయువు కోసం వాడే సోడియం నైట్రోప్రుస్సైడ్ సయనైడ్ విషం కూడా వదులుతుంది. పొలంలోకి వద్దే వద్దు. 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది (ఇనుము ఉన్న లవణం), 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొట్టండి, చాలు.

రైతు: కొడుతూనే ఉన్నాం. కొత్తాకు మళ్లీ తెల్లగానే వస్తోంది.

శాస్త్రవేత్త: పాతాకులో ఇనుము కొత్తాకుకు సులువుగా కదలదన్నా, అందుకే మళ్లీ కొట్టాల్సి వస్తుంది. మొక్కజొన్నను అంతరపంటగా వేసి చూశారా? దాని వేళ్లు ఇనుమును పట్టి కరిగించే పదార్థాలు వదులుతాయి. చైనాలో ఇలాంటి సున్నపు నేలల్లోనే, మొక్కజొన్న పక్కనున్న వేరుశనగ పచ్చబడింది.

రైతు: చెరువు కింద రెండెకరాలుంది. అక్కడ వేసి చూస్తా.

వ్యాఖ్యాత: నత్రజని సంగతేంటి మేడం?

శాస్త్రవేత్త: నత్రజని రూపమైన నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చే ఎంజైమే కొంత నైట్రైట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. వేరు బుడిపెల్లో అది మితిమీరితే గాలిలోని నత్రజనిని పట్టే పని కుంటుపడుతుంది. అక్కడి లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ అదనపు వాయువును తొలగిస్తుంది.

రైతు: బుడిపె చిదిమితే ఎర్రగా ఉండాలనేవాడు మా నాయన.

శాస్త్రవేత్త: ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్‌దే. అందులోనూ ఇనుమే ఉంది. ఇనుము చాలకపోతే వేరుశనగ బుడిపెలు కూడా సరిగా ఎదగవు.

రైతు: మేము ఆకే చూస్తున్నాం. ఈసారి తెల్లబడిన మొక్కను పీకి బుడిపెలు చిదిమి చూస్తా మేడం.