ఎంతొస్తంది అని అడిగే ముందు

అందరికీ నమస్కారం. కొందరు షిఫ్టు మార్చుకుని మరీ వచ్చారని విన్నాను. చాలా సంతోషం.

మన విజయనగరంలో మగవాడు ఎదురుపడితే అడిగే మొదటి మాట, "ఏటి సేస్తన్నావు?" రెండోది, "ఎంతొస్తంది?" ఆ రెండో మాటకు జవాబు చెప్పలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేసినవాళ్లున్నారు. మా నాన్న వాళ్లలో ఒకరు.

నాన్న జూట్ మిల్లులో లూమ్ మీద పనిచేసేవారు. ఇంటికొస్తే చొక్కా నిండా నార పీచు, నూనె వాసన. ఒక రోజు గేటుకి లాకౌట్ నోటీసు అంటించారు. రావలసిన బాకీలు ఏళ్ల తరబడి రాలేదు. అయినా ఆయన షిఫ్టు వేళకే లేచి, స్నానం చేసి, అరుగు మీద కూర్చునేవారు. తెలిసినవాళ్లు వస్తుంటే లోపలికి వెళ్లిపోయేవారు. అమ్మ కూలికి వెళ్లి ఇల్లు నడిపింది, అన్నానికి లోటు రానివ్వలేదు. నాన్న మాత్రం సగం తిని లేచిపోయేవారు. అప్పట్లో నాకు ఆయన మీద కోపంగా ఉండేది. పోయింది ఒక్క జీతమే అనుకున్నాను. తను వెళ్లకపోతే ఒక లూమ్ ఆగిపోతుందన్న ధీమా కూడా పోయిందని నాకు తట్టలేదు.

పక్కింటి మామ్మ ఒకసారి మంచం మోయించుకుని వచ్చింది. "నార పనోడివి కదా నాయనా, దీని సంగతి సూడు" అంది. నాన్న పాత నులక విప్పేసి, కొత్తది తడిపి అల్లడం మొదలుపెట్టారు. ప్రతి వరసా బొటనవేలితో నొక్కి చూసేవారు. వదులనిపిస్తే నాలుగు వరసలు వెనక్కి విప్పి మళ్లీ లాగేవారు. ఇరవై రూపాయల పనికి రెండు రోజులు పట్టింది. మామ్మ దాని మీద పడుకుని, "ఒరే, ఊగట్లేదురా" అంది. ఆ రాత్రి నాన్న అన్నం మారు అడిగి తిన్నారు. ఆ పూట మా అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లను చూడండి. ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. ఇరవై నాలుగు మెట్లను మైనం మీద నిలబెట్టి, ఒక్కొక్కటీ మీటి, స్వరం కుదిరేదాకా సర్దుతారు. వెంట్రుకవాసి తేడా కొనేవాడికి తెలియకపోవచ్చు, చేసేవాడికి తెలుస్తుంది. తాపీ మేస్త్రికి తూకం దారం దగ్గరా, ఆటో మెకానిక్‌కి ఇంజిన్ చప్పుడు దగ్గరా ఉండేది కూడా ఆ పట్టింపే.

అలాగని జీతం ఎగ్గొట్టేవాడి ముందు తృప్తిగా ఉండమని నేను చెప్పను. కూలి సరిగ్గా ఇవ్వకుండా పని గొప్పదనం గురించి మాట్లాడితే అది మోసం. చేసిన పనికి డబ్బు గట్టిగా అడగండి, నలుగురూ కలిసి అడగండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మన సిక్కోలు తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకు వెళ్లిన కుర్రాళ్లున్నారు, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నవాళ్లున్నారు. వాళ్లు ఫోన్ చేస్తే మనం మొదట అడిగేది, "డబ్బులేసావా?" అని. ఈసారి, "ఈ రోజు ఏ పని చేశావురా, చెప్పు" అని అడగండి. నాలుగు నిమిషాలు విన్నాక డబ్బుల మాట ఎత్తండి.

పని పోయి, నిద్రపట్టక, మందు వైపు చెయ్యి వెళ్తున్నవాళ్లు ఇక్కడ ఉంటే సిగ్గుపడకండి. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, రాత్రయినా పలుకుతారు. మా నాన్న రోజుల్లో అలాంటిది లేదు.

ఇక మైకు మీకిస్తున్నాను. జీతం ఎంతో చెప్పొద్దు. మీరు చేసినవాటిలో మళ్లీ వెళ్లి చూసుకోవాలనిపించే పని ఒక్కటి చెప్పండి. ముందు వరసలో మేస్త్రిగారూ, మీతో మొదలుపెడదాం. ఏ గోడ అది?