పాఠమంతా వద్దు, తడబడిన చోటు చాలు
(గుంటూరులో గణిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

టీచర్లందరికీ నమస్కారం.

ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష 2017 నుంచీ ఉంది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వచ్చేస్తుంది. మళ్లీ మనమెందుకు వీడియోలు చేయడం అని మీలో కొందరికి ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. పాఠం మొత్తం మళ్లీ చెప్పడానికైతే అక్కర్లేదు. కానీ నిన్న మన క్లాసులో పిల్లలు ఎక్కడ తప్పు చేశారో మనకే తెలుసు. వీడియో అక్కడికే చేయాలి.

కోణాన్ని రెండు సమభాగాలు చేసే గీత, అదే కోణ సమద్విఖండన రేఖనే తీసుకోండి. బోర్డు మీద పెద్ద చెక్క వృత్తలేఖినితో గీస్తాం. వెనక బెంచీ వాళ్లకు మన వీపు తప్ప ఏమీ కనపడదు. శీర్షం దగ్గర ముల్లు పెట్టి రెండు భుజాల మీదా చాపం గీసేదాకా అందరూ బాగానే వస్తారు. ఆ రెండు బిందువుల నుంచి చాపాలు గీసేటప్పుడే తంటా. స్క్రూ వదులైన వృత్తలేఖిని మధ్యలో కాస్త జారుతుంది. వ్యాసార్థం మారిందా, గీత పక్కకు పోతుంది. పిల్లాడు కోణమానినితో కొలిచి, 30 డిగ్రీలు రావాల్సిన చోట 33 చూసి, తనకు లెక్క రాదనుకుంటాడు. వచ్చు, స్క్రూ బిగించుకోలేదంతే! ఇది చూపించడానికి రెండు నిమిషాలు చాలు. పైన ఫోన్, కింద నోటుబుక్కు, మన చేతులు. రెండో చాపం గీసే ముందు "ఇప్పుడు ముల్లు ఎక్కడ పెట్టాలి?" అని అడిగి కాసేపు ఊరుకోండి. ఊరుకోవడం మనకు కష్టమే, వృత్తి అలాంటిది.

స్టూడియో లేదని బెంగ వద్దు. ఎడ్‌ఎక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియోలకు వచ్చిన 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నిమిషాలు దాటితే చూసేవాళ్ల శ్రద్ధ పడిపోతోందనీ, స్టూడియో హంగుల కన్నా మామూలుగా తీసినవే ఎక్కువ ఆకట్టుకుంటున్నాయనీ తేలింది. అది పెద్దవాళ్ల కోర్సుల సంగతి. మన పిల్లలకు ఆరు కూడా ఎక్కువేనని నా లెక్క.

ఇంకో మాట. అమ్మ మిర్చి తొడిమలు తీసే పని నుంచి, నాన్న యార్డు నుంచి ఇంటికొచ్చాకే చాలామంది పిల్లల చేతికి ఫోన్ అందేది. అప్పటికి ఆ రోజు డేటా అడుగంటుతుంది. వీడియో నాణ్యత 480పి చాలు, ఫైలు చిన్నదవుతుంది. ఫోనే లేని పిల్లల కోసం మర్నాడు బడిలో ఐఎఫ్‌పీ మీద, అంటే క్లాసులో ఉండే పెద్ద టచ్ తెర మీద వేయండి, వెంటనే నోటుబుక్కులో గీయించండి. చూసి తలూపితే వచ్చినట్టు కాదు.

టీ తాగొచ్చాక రికార్డింగ్ మొదలుపెడదాం. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి, మధ్యలో కాల్ వస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాన్లు ఆపేస్తాం. గుంటూరు ఎండలో అది శిక్షేగానీ, బొమ్మ మసకైనా సర్దుకునే పిల్లలు మాట వినపడకపోతే చూడరు.