గట్టి స్ఫటికంలో కదిలే ఫ్లోరైడ్

అందరికీ నమస్కారం. నల్గొండలో ఫ్లోరైడ్ మాటెత్తితే ముందు గుర్తొచ్చేది నీళ్లే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ అంకెను పట్టిచ్చే ఎలక్ట్రోడ్ కొసన ఉన్న చిన్న బిళ్ల గురించి చెప్పాలని వచ్చాను.

ఇదిగో, చూడండి. గాజుముక్కలా ఉన్నా ఇది లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ ఈ ఎలక్ట్రోడ్‌ను వెలుగులోకి తెచ్చారు. ఇంత గట్టి బిళ్లలో ఫ్లోరైడ్ అయాన్లు, అంటే రుణావేశమున్న ఫ్లోరిన్ కణాలు, కదులుతాయి. ఎలాగంటారా? మీ వరుసలో ఒక్క కుర్చీ ఖాళీ అయితే పక్కవారు అందులోకి జరుగుతారు, వారి కుర్చీ ఖాళీ అవుతుంది. అలా ఆ ఖాళీ వరుస చివరిదాకా పోతుంది. స్ఫటికంలో ఆ ఖాళీ కోసమే కాస్త యూరోపియమ్ కలుపుతారు. లాంథనమ్‌కు మూడు ధనావేశాలు, దీనికి రెండే. లెక్క సరిపోవాలి కాబట్టి ఒక ఫ్లోరైడ్ తగ్గి, దాని చోటు ఖాళీగా మిగులుతుంది.

ఎలక్ట్రాన్లకు మాత్రం ఇందులో దాదాపు దారి లేదు. ఫ్లోరిన్ వాటిని అంత గట్టిగా పట్టుకుంటుంది. ఈ పదార్థం గొప్పతనం సగం అక్కడే ఉందని నా నమ్మకం.

బ్యాటరీ సంగతి చూడండి. దాని లోపల అయాన్లే కదలాలి, ఎలక్ట్రాన్లు బయటి తీగలోంచే పోవాలి. ఎలక్ట్రాన్లు లోపలినుంచే దాటిపోతే అది అల్మరాలో ఉండగానే ఛార్జి దిగిపోతుంది. 2011లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో అంజిరెడ్డి, ఫిష్ట్‌నర్ లాంథనమ్ ఫ్లోరైడ్‌కు బేరియం కలిపి ఫ్లోరైడ్ బ్యాటరీని నడిపించారు, కానీ 150 డిగ్రీల వేడిలో. సీసం, తగరం కలిసిన ఫ్లోరైడ్ మామూలు గది వేడికే అయాన్లను బాగా పోనిస్తుంది. అయితే ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలే బలమైన ఆనోడ్ (బ్యాటరీ రుణధ్రువం) తగిలితే ఆ రెండూ లోహంగా మారతాయి. లోహం పుట్టిందంటే ఎలక్ట్రాన్లకు దారి పడినట్టే.

అందుకే ప్రాజెక్టు చేసే పిల్లలకు ఒక మాట. మొత్తం వాహకత కొలిచి అదంతా అయాన్లదేనని రాసేయకండి. వాగ్నర్ పద్ధతిలో ఒకవైపు ఫ్లోరైడ్ దాటలేని గ్రాఫైట్ పెట్టి, పదార్థం విచ్ఛిన్నం కాని కొద్దిపాటి వోల్టేజి ఇవ్వండి. కరెంటు పడిపోతూ ఒకచోట నిలుస్తుంది. ఆ మిగిలింది ఎలక్ట్రాన్లది. అది నిలిచేదాకా ఓపిక పట్టాలి.

బోరు నీళ్ల సీసాలు తెచ్చినవారు ముందుకు రండి. ముందు బఫర్, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయిని అదుపులో ఉంచే ద్రావణం, కలుపుదాం. హైడ్రాక్సైడ్ సైజులో ఫ్లోరైడ్‌కు దగ్గరగా ఉంటుంది, ఎక్కువైతే మీటరు పొరబడుతుంది. ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగితే మీటరులో దాదాపు 59 మిల్లీవోల్టుల తేడా కనిపించాలి. మొదటి సీసా ఎవరిది?